ఫ్రోజెన్ మూడో భాగం వచ్చేలోపు పిల్లలున్న ఇంట్లో చేసుకోవలసిన సన్నాహాలు

మంచును సృష్టించే శక్తి ఉన్న ఎల్సా, ఆమె చెల్లెలు ఆనా అనే రాకుమార్తెల కథ అయిన ఫ్రోజెన్ యానిమేషన్ సినిమా మూడో భాగాన్ని 2027 నవంబరు 24న అమెరికాలో విడుదల చేస్తామని డిస్నీ ప్రకటించింది. మొదటి భాగం 2013 నవంబరులో, రెండో భాగం 2019 నవంబరులో వచ్చాయి కనుక, తొలి రెండు భాగాల మధ్య ఆరేళ్లు, ఆ తరువాతి రెండింటి మధ్య ఎనిమిదేళ్లు ఎడం వచ్చినట్లు లెక్క. అమ్మ ఒళ్లో కూర్చుని మొదటి భాగం చూసిన పిల్లలు ఇప్పుడు కాలేజీ మెట్లు ఎక్కుతున్నారు. ఇప్పుడు పుట్టినరోజుకు ఎల్సా గౌను కావాలని మారాం చేస్తున్న వారిలో చాలామంది రెండో భాగం విడుదలైన నాటికి పుట్టనే లేదు. అందువల్ల ఒకే ఇంట్లో ఈ సినిమా కోసం ఎదురుచూసేవారు రెండు రకాలుగా ఉంటారు: పాత జ్ఞాపకాలతో ఎదురుచూసే అక్కలు, అన్నలు ఒకవైపు; బొమ్మలు, బ్యాగులు, టిఫిన్ డబ్బాల మీది బొమ్మల ద్వారా మాత్రమే ఎల్సాను ఎరిగిన చిన్నవాళ్లు మరోవైపు. ఈ ఇద్దరినీ ఒకే ఆటకు తీసుకువెళ్లి, ఇద్దరూ ఆనందించేలా చేయాలంటే కొంత ముందుచూపు అవసరం. ఆ ఏర్పాట్లు ఎలా చేసుకోవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. ఇది పాటలున్న సినిమా మాత్రమే కాదు, పాటలతో నడిచే సినిమా. మన సినిమాల్లో పాట వచ్చినప్పుడు కథ కాసేపు ఆగినా ఇబ్బంది ఉండదు, బయటికి వెళ్లి సమోసా తెచ్చుకున్నా కొంప మునిగిపోదు. ఇక్కడ అలా కుదరదు. కథ మలుపు తిరిగేది పాటలోనే. ఈ సంగతి ఇంట్లోని తాతయ్యకో నానమ్మకో అర్థమయ్యేలా చెప్పాలంటే పద్యనాటకాన్ని గుర్తుచేస్తే చాలు. అక్కడ పాత్ర మనసులోని అసలు నిర్ణయం మాటల్లో కాక పద్యంలోనే బయటపడుతుంది, కనుకనే జనం వన్స్ మోర్ అని అరిచేవారు. కాబట్టి మూడో భాగం కోసం చేసే సన్నాహాల్లో ప్రధానమైనది పాత పాటలను మళ్లీ వినడం, అదీ చెవులు రిక్కించి వినడం. మిగిలినవన్నీ దాని తరువాతే.

తేదీని పిల్లలకు ఎలా చెప్పాలి

ఐదేళ్ల పాపకు 2027 అని చెబితే ఏమీ అర్థం కాదు, రోజులు లెక్కపెట్టే కాగితం గోడకు అంటిస్తే వారం తిరగకముందే విసుగు వస్తుంది. దానికి బదులు, "నువ్వు ఫలానా తరగతికి వచ్చాక, దీపావళి అయిపోయాక వస్తుంది" అని చెప్పండి. పిల్లలు కాలాన్ని పండుగలతో, తరగతులతో కొలుస్తారు కనుక ఆ మాట వాళ్ల మనసులో నిలుస్తుంది. పైగా, పెద్ద స్టూడియోలు ప్రకటించిన తేదీలు ముందుకో వెనక్కో జరగడం సినిమా రంగంలో కొత్త కాదు. రోజు కచ్చితంగా చెప్పి, తరువాత మార్చవలసి వస్తే పిల్లల ముందు మాట తప్పిన పెద్దలుగా మిగిలేది మనమే.

నవంబరు చివరి వారాన్నే ఎంచుకోవడం వెనుక అమెరికా లెక్క ఉంది. అక్కడ నవంబరు నాలుగో గురువారం థాంక్స్ గివింగ్ పండుగ. 2027లో అది 25వ తేదీన వస్తుంది, సినిమా దానికి ముందు రోజు బుధవారం విడుదలవుతుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు కుటుంబాలకు ఇది సెలవుల వారం కనుక బడి గొడవ ఉండదు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవారికి మాత్రం దసరా, దీపావళి సెలవులు అప్పటికి ముగిసిపోయి ఉంటాయి, కనుక తొలి ఆదివారాన్ని లెక్కలో ఉంచుకోవడం మంచిది. రెండో భాగం 2019 నవంబరు 22న అమెరికాతో పాటే భారతదేశంలోనూ విడుదలైందన్న సంగతి ఇక్కడ కొంత ధైర్యాన్నిస్తుంది.

పాత భాగాలను ఎప్పుడు, ఏ వరుసలో చూడాలి

విడుదలకు ఏడాది ముందు నుంచే రోజూ పెట్టి చూపిస్తే అసలు రోజుకు ఆసక్తి చచ్చిపోతుంది. మూడు వారాల ముందు మొదలుపెట్టి, వారానికి ఒకటి చొప్పున చూపించడం నా దృష్టిలో సరైన పద్ధతి. మొదటి వారం తొలి భాగం, రెండో వారం చిన్న చిత్రాలు, మూడో వారం రెండో భాగం. చిన్న చిత్రాల్లో 2015లో వచ్చిన ఫ్రోజెన్ ఫీవర్, 2017లో వచ్చిన ఓలఫ్స్ ఫ్రోజెన్ అడ్వెంచర్, 2020లో వచ్చిన వన్స్ అపాన్ ఎ స్నోమాన్ ఉన్నాయి. వీటిలో తప్పనిసరిగా చూడవలసింది చివరిదే. ఎల్సా ఓలఫ్ అనే మాట్లాడే మంచుబొమ్మను సృష్టించిన తరువాత, ఆనాకు, ఆమెను ప్రేమించే క్రిస్టాఫ్‌కు అతడు కనిపించే లోపు ఏం జరిగిందో అది చెబుతుంది. 2017 నాటి చిత్రాన్ని కోకో అనే మరో సినిమాకు ముందు థియేటర్లలో వేసినప్పుడు, ఇరవై నిమిషాలు దాటినా అసలు సినిమా మొదలు కాలేదని ప్రేక్షకులు విసుక్కున్నారు. ఇంట్లో సోఫా మీద కూర్చుని చూస్తే మాత్రం అది భారం అనిపించదు.

చూడటానికి కూర్చునే ముందు ఓటీటీలో భాషల ఎంపికను ఒకసారి పరిశీలించుకోవాలి. అన్ని భాగాలకూ అన్ని భాషల ఆడియో ఉండాలని లేదు. పిల్లలందరూ కూర్చున్న తరువాత రిమోట్ పట్టుకుని వెతకడం మొదలుపెడితే సగం ఉత్సాహం అక్కడే ఆవిరైపోతుంది.

ఆరేళ్లలోపు పిల్లలకు రెండో భాగం కథ ఒక్కసారిగా ఎక్కదు. అందులో తాత కాలం నాటి తప్పు, అడవిలోని ప్రజలతో జరిగిన మోసం, ఆనకట్ట వంటి వ్యవహారాలు కలగలిసి ఉంటాయి. ముందు రోజు రాత్రి నిద్రపుచ్చేటప్పుడు తెలుగులో కథలా చెప్పేయండి: "అనగనగా అరెండెల్ రాజ్యాన్ని రూనార్డ్ అనే రాజు పాలించేవాడు. పక్క అడవిలో నార్తుల్డ్రా అనే జనం ఉండేవారు. రాజు వాళ్లకు కానుక అని చెప్పి ఒక ఆనకట్ట కట్టించాడు. నిజానికి అది కానుక కాదు, అడవి బలాన్ని తగ్గించే ఎత్తు." ఇంతమాత్రం తెలిస్తే, చివరకు ఆనా ఆ ఆనకట్టను ఎందుకు కూలదోయించిందో పాపకు ఇట్టే అర్థమవుతుంది. తెలియకపోతే "అమ్మా, ఎందుకు పగలగొడుతున్నారు?" అన్న ప్రశ్న పది నిమిషాలు సాగుతుంది.

భయపడే ఘట్టాలను కూడా ముందే గుర్తుపెట్టుకోండి. మొదటి భాగంలో తల్లిదండ్రుల ఓడ తుపానులో మునిగిపోవడం, ఆనా మంచు శిల్పంగా మారిపోవడం. రెండో భాగంలో రాతి రాక్షసులు, అన్నిటికన్నా ఎక్కువగా ఓలఫ్ మెల్లమెల్లగా మంచు రేకులుగా విడిపోయి గాలిలో కలిసిపోవడం. ఓలఫ్ ఘట్టం తరువాత గుహలో ఒంటరిగా మిగిలిన ఆనా పాడే పాట పెద్దవాళ్లనే కలచివేస్తుంది. ఓలఫ్ మళ్లీ వస్తాడని ముందే చెప్పడం వల్ల చిన్నపిల్లలకు పోయేదేమీ లేదు, వాళ్లు ఇంకా ధైర్యంగా చూస్తారు. పదేళ్లు దాటిన వారికి మాత్రం చెప్పకండి.

పాటలను ఎలా వినాలి

సన్నాహాల్లో అసలైన భాగం ఇదే కనుక కాస్త తీరికగా చెబుతాను. పాటను మొదట బొమ్మ లేకుండా వినిపించండి, ఆ తరువాత బొమ్మతో చూపించండి. వినేటప్పుడు పిల్లలను ఒకే ప్రశ్న అడగండి: పాట మొదలైనప్పుడు ఉన్న పరిస్థితి పాట ముగిసేసరికి ఎలా మారింది?

ఉదాహరణకు మొదటి భాగంలో చిన్నారి ఆనా, మంచుబొమ్మ చేద్దాం రమ్మని అక్కను తలుపు దగ్గర నిలబడి పిలిచే పాటను తీసుకోండి. నాలుగు నిమిషాలైనా లేని ఆ పాటలో దాదాపు పదేళ్లు గడిచిపోతాయి. మొదట తాళం కన్నంలోంచి మాట్లాడే పసిపిల్ల, తరువాత ఎవరూ తోడు లేక గోడ మీది పటాలతో కబుర్లు చెప్పే అమ్మాయి, చివరకు తల్లిదండ్రులను పోగొట్టుకుని తలుపుకు వీపు ఆనించి కూర్చున్న యువతి. తల్లిదండ్రుల మరణం పాట మధ్యలో, మాటల్లేని సంగీతం మీద జరిగిపోతుంది. చివరి చరణానికి తలుపుకు ఇవతల ఆనా, అవతల ఎల్సా సరిగ్గా ఒకే తీరులో కూర్చుని ఉంటారు. ఎల్సా ఉన్న గదంతా గడ్డకట్టి, మంచు రేకులు గాలిలో కదలకుండా నిలిచిపోయి ఉంటాయి. ఈ పాట సమయంలో పాప్‌కార్న్ కోసం లేచినవాడికి మిగతా సినిమాలో అక్కాచెల్లెళ్ల బాధ సగమే తెలుస్తుంది.

రెండో భాగంలో తల్లి ఇడునా పాడే జోలపాట ఇంకా ముఖ్యమైనది. పిల్లలను నిద్రపుచ్చే పాటే కదా అనుకుని వదిలేస్తాం కానీ, సినిమా కథ మొత్తం అందులోనే ఉంది. అన్ని జ్ఞాపకాలనూ దాచుకున్న ఒక నది గురించి, ఆ నదిలో మరీ లోతుకు దిగితే మునిగిపోతావన్న హెచ్చరిక గురించి ఆ పాట చెబుతుంది. సినిమా చివరలో ఎల్సా సరిగ్గా అదే చేస్తుంది: అహ్తోహలన్ అనే ఆ మంచునది లోపలికి హద్దు దాటి దిగి, గడ్డకట్టిపోతుంది. అలాగే ఎల్సాకు మాత్రమే వినబడే పిలుపు ఒకటి ఉంది. నార్వే గాయని అరోరా గొంతులో వినిపించే ఆ పిలుపులోని నాలుగు స్వరాలను పిల్లలకు ముందే పరిచయం చేసి, సినిమాలో అవి ఎక్కడెక్కడ వినిపిస్తాయో కనిపెట్టమనండి. ఎల్సా మంచునదిలో పాడే పాటలో ఆ పిలుపుకు తల్లి గొంతు జతకలిసినప్పుడు, ఆటలో లీనమైన పిల్లలు పెద్దలకన్నా ముందే గుర్తుపడతారు.

ఈ పాటలు రాసిన రాబర్ట్ లోపెజ్, క్రిస్టెన్ ఆండర్సన్ లోపెజ్ భార్యాభర్తలు. మొదటి భాగానికి వారు రాసిన లెట్ ఇట్ గో పాటకు 2014లో ఆస్కార్ వచ్చిందన్నది చాలామందికి తెలుసు. ఆ పాట రాకముందు ఎల్సాను దుష్టపాత్రగా అనుకున్నారని, పాట విన్న తరువాత ఆ పాత్రనే మార్చి కథను తిరగరాశారని తెలిసినవారు తక్కువ. ఒక పాట కోసం కథ మారిన సినిమా కనుక, మూడో భాగం గురించి ఊహించేటప్పుడు కూడా ముందు పాటల వైపే చూడాలి. పెద్ద పిల్లలుంటే రెండో భాగం తయారీ గురించి 2020లో డిస్నీ ప్లస్‌లో వచ్చిన ఆరు భాగాల డాక్యుమెంటరీ చూపించండి. మంచునదిలో ఎల్సా పాడే పాట చివరిదాకా కుదరక బృందం ఎంత అవస్థ పడిందో అందులో కనబడుతుంది.

కొత్త పాటల ఆల్బమ్ విషయంలో ఒక నిర్ణయం ముందే తీసుకోవాలి. రెండో భాగం ఆల్బమ్ సినిమాకు వారం ముందే, 2019 నవంబరు 15న వచ్చేసింది. కథ పాటల్లోనే నడుస్తుంది కనుక, ఆల్బమ్ మొత్తం ముందుగా వింటే కథ మొత్తం తెలిసిపోయినట్లే. స్టూడియో ప్రచారం కోసం విడిగా విడుదల చేసే ఒక్క పాటను మాత్రం విననిచ్చి, మిగిలినవి సినిమా చూసిన తరువాతే అని ఇంట్లో కట్టడి చేసుకోవాలి. కారులో పాటలు పెట్టే నాన్నకు కూడా ఇది వర్తిస్తుంది.

ఏ భాషలో చూడాలి

రెండో భాగం తెలుగు అనువాదంలో ఎల్సాకు నిత్యా మేనన్, చిన్ననాటి ఎల్సాకు మహేష్ బాబు కూతురు సితార గొంతు ఇచ్చారు. ఇలాంటి సినిమాను తెలుగులో చూడటం తక్కువ స్థాయి అన్న భావన మన నగరాల్లో కొంత ఉంది. నేను దాన్ని అంగీకరించను. పాటలోనే కథ నడిచే సినిమాను సగం అర్థమయ్యే భాషలో చూసిన ఐదేళ్ల పిల్లకు రంగులు తప్ప ఏమీ మిగలవు. మొదటి భాగం ఆరంభంలో వినిపించే బృందగానాన్ని ఫ్రోడే ఫ్యెల్‌హైమ్ అనే సంగీతకారుడు సామీ ప్రజల గాన సంప్రదాయం ఆధారంగా కూర్చారు. రెండో భాగం సమయంలో డిస్నీ ఆ ఉత్తర ఐరోపా ఆదివాసుల ప్రతినిధులతో ఒప్పందం చేసుకుని, సినిమాను ఉత్తర సామీ భాషలోకి కూడా అనువదింపజేసింది. వేల సంఖ్యలో మాత్రమే మాట్లాడేవారున్న ఆ భాషలో పిల్లలు ఎల్సాను చూడగలిగినప్పుడు, కోట్లమంది మాట్లాడే తెలుగులో చూడటానికి మనకు మొహమాటమెందుకు?

ఆచరణలో ఇలా చేయవచ్చు. ఇంగ్లీషు బడిలో చదువుతూ పాటలు ఇంగ్లీషులోనే కంఠతా వచ్చిన పిల్లలకు థియేటర్లో ఇంగ్లీషు ఆట, ఆ తరువాత ఇంట్లో ఓటీటీలో తెలుగు. నాయనమ్మ, అమ్మమ్మలు కూడా వస్తున్నా, పిల్లలు మరీ చిన్నవాళ్లైనా ముందే తెలుగు ఆట. ఇలాంటి సినిమాల తెలుగు ఆటలు తరచుగా ఉదయానికో మ్యాట్నీకో పరిమితమై, మొదటి వారం దాటాక తగ్గిపోతుంటాయి కనుక, తెలుగులో చూడదలచినవారు తొలి శని, ఆదివారాలను వదులుకోకూడదు. అమెరికాలో ఉన్నవారు పిల్లలను థియేటర్లో ఇంగ్లీషులో చూడనిచ్చి, హైదరాబాదులోని తాతయ్య తెలుగులో చూశాక వీడియో కాల్‌లో ఇద్దరిచేతా కథ చెప్పించుకుంటే, ఎవరికి ఏ పాట ఎలా వినబడిందో తెలుస్తుంది.

వదంతులు, దొంగ ట్రైలర్లు

యూట్యూబ్‌లో మూడో భాగం ట్రైలర్ అంటూ కృత్రిమ మేధతో తయారు చేసిన వీడియోలు కుప్పలుగా ఉన్నాయి. ఎల్సాకు పెళ్లైందని, ఆనా దుష్టురాలైందని, ఇంకా ఏవేవో చూపిస్తాయి. పిల్లలు వాటిని నిజమనుకుని, అసలు సినిమాలో అవి లేనప్పుడు మోసపోయినట్లు బాధపడతారు. వీడియో పెట్టింది డిస్నీ అధికారిక ఛానెలా కాదా అని చూసుకోవడం పిల్లలకే నేర్పండి. ఆరేడేళ్ల వాళ్లు ఈ పని శ్రద్ధగా చేస్తారు.

అసలు టీజర్ వచ్చినా అందులో కథ దొరుకుతుందని ఆశపడనక్కరలేదు. మొదటి భాగం టీజర్‌లో ఉన్నదల్లా ఓలఫ్ ముక్కు అయిన క్యారెట్ కోసం ఓలఫ్, క్రిస్టాఫ్ దగ్గరుండే స్వెన్ అనే రెయిన్‌డీర్ జింక గడ్డకట్టిన సరస్సు మీద పడిన పాట్లు మాత్రమే. ఆ ఘట్టం సినిమాలోనే లేదు. రెండో భాగం టీజర్ 2019 ఫిబ్రవరిలో, అంటే సినిమాకు తొమ్మిది నెలల ముందు వచ్చింది. ఎల్సా నల్లటి సముద్రపు అలల మీదికి పరుగెత్తడం తప్ప అందులో పెద్దగా మాటలు లేవు. టీజర్‌ను చూసి కథ అల్లడం కన్నా, రెండో భాగం ఎక్కడ ఆగిందో గుర్తుచేసుకుని ఊహించడం మేలు.

అది ఇలా ఆగింది: ఆనా అరెండెల్‌కు రాణి అయింది. క్రిస్టాఫ్ ఉంగరం ఇచ్చాడు, పెళ్లి మాత్రం తెర మీద జరగలేదు. ఎల్సా రాజ్యాన్ని వదిలి అడవిలోనే ఉండిపోయింది. శుక్రవారం రాత్రి ఆటలకు ఆలస్యం చేయకుండా రమ్మని ఆనా రాసిన చీటీని గాలి రూపంలోని గేల్ అక్కకు మోసుకువెళుతుంది. తలుపుకు చెరోవైపు పెరిగిన అక్కాచెల్లెళ్లు ఈసారి తమ ఇష్టంతోనే చెరోచోట ఉన్నారు. ఇక్కడి నుంచి ఏం జరగవచ్చో ఇంట్లో ప్రతివారూ ఒక కాగితం మీద రాసి, పేరు పెట్టి, డబ్బాలో వేసి ఉంచితే సినిమా చూసి వచ్చాక చదువుకోవడానికి సరదాగా ఉంటుంది. ఒక సంగతి మాత్రం చెప్పి ఉంచండి: నాలుగో భాగం కూడా సిద్ధమవుతూ ఉండవచ్చని డిస్నీ అధినేతగా ఉన్నప్పుడు బాబ్ ఐగర్ 2023లోనే చెప్పారు. కనుక మూడో భాగంలోనే అన్ని చిక్కుముడులూ విడిపోతాయని ఆశించకూడదు.

గౌను, బొమ్మలు, టిక్కెట్లు

గౌను ఇప్పుడే కొనకండి. పిల్లలు ఎదుగుతారు, అది ఒక కారణం. రెండో కారణం, ప్రతి భాగంలోనూ ఎల్సా వేషం మారుతుంది. రెండో భాగం చివరి తెల్ల గౌను చూసిన పిల్లలు మొదటి భాగం నీలి గౌనును ఒక్క రోజులో పాతదాన్ని చేసేశారు. విడుదలకు నెల ముందు బేగంబజారులోనో మీ ఊరి ఫ్యాన్సీ దుకాణంలోనో అసలును పోలిన గౌన్లు వచ్చేస్తాయి. జరీ గుచ్చుకోని, లోపల కాటన్ లైనింగ్ ఉన్నది చూసి తీసుకోండి. గంటన్నరకు పైగా కుర్చీలో కూర్చోవలసినది ఆ గౌనుతోనే. వెనుక నేల మీద జీరాడే వస్త్రం ఉంటే థియేటర్ మెట్ల మీద కాళ్లకు అడ్డుపడుతుంది, దాన్ని పిన్నుతో పైకి మడిచి పెట్టండి.

టిక్కెట్ కొనే ముందు సెన్సార్ సర్టిఫికెట్ చూడండి. ఇప్పుడు యు తో పాటు యుఏ 7+, యుఏ 13+, యుఏ 16+ అనే వర్గాలు ఉన్నాయి, కాబట్టి చిన్నవాళ్లతో వెళ్లేవారికి ఎంపిక కొంత తేలికైంది. మరీ చిన్నవాళ్లకు త్రీడీ కళ్లజోడు ముక్కు మీద నిలవదు, టూడీ ఆటే నయం. నడవా పక్క సీట్లు తీసుకోండి, ఏసీ చలికి పల్చటి శాలువా పెట్టుకోండి. బాత్రూమ్ పని సినిమాకు ముందే పూర్తి చేయించండి.

పేర్లు పడటం మొదలుకాగానే లేవకండి. మొదటి భాగంలో అన్ని పేర్లూ అయ్యాక మంచు రాక్షసుడు మార్ష్‌మాలో కిరీటం తలపై పెట్టుకుంటాడు. రెండో భాగంలో ఓలఫ్ అదే మార్ష్‌మాలోకు, చిట్టి మంచుబొమ్మలకు సినిమా కథంతా అభినయించి చెబుతాడు. మూడో భాగంలోనూ చివర ఏదో ఒకటి ఉండవచ్చు. దీపాలు వెలిగించి, ఊడ్చేవాళ్లు వచ్చి నిలబడినా సరే, ఆ నాలుగైదు నిమిషాలు పిల్లలను కూర్చోబెట్టి, ఈ సినిమాలో ఏ పాట దగ్గర కథ మారిందో అడగండి.